గట్టు మీద శుభలేఖలు

కోనసీమలో సైకిలు తొక్కేవాడికి తెలిసిన ఎత్తు ఏటిగట్టు ఒక్కటే. అక్కడ దిగి నాలుగడుగులు నడిపించుకుంటే చాలు, ఆ తర్వాత సముద్రం దాకా బల్లపరుపు. మెట్ట ప్రాంతం నుంచి వచ్చిన చుట్టాలు మా ఊళ్ళో సైకిలెక్కి, పది మైళ్ళు తొక్కినా ఆయాసం రాలేదేమిటని ఆశ్చర్యపోయేవారు. వాళ్ళ గొప్పా కాదు, సైకిలు గొప్పా కాదు. గోదావరి నీళ్ళ కోసం చేసిన ఏర్పాటది.

కాటన్ దొర 1847లో ధవళేశ్వరం ఆనకట్ట మొదలుపెట్టి 1852కి పూర్తిచేయించాడు. ఆ వెనకే డెల్టా అంతటా కాలువలు తవ్వారు. నీళ్ళు వాటంతటవే చేలకి పారాలి, అదే కాలువలో పడవలు ఎదురెక్కి రాగలగాలి. అందుకని మైలుకి కొన్ని అంగుళాలు మాత్రమే వాలు ఉండేలా కొలత పట్టి తీశారు. తవ్విన మన్ను ఒడ్డున పోస్తే గట్టయింది. పడవని తాడు కట్టి లాగేవాళ్ళు నడవాలి కాబట్టి నీటి వైపు చెట్టూ చేమా లేకుండా దారి వదిలారు. ఒకప్పుడు కాకినాడలో సరుకెక్కించిన పడవ కాలువల మీదుగానే కృష్ణ దాటి మద్రాసు దాకా పోయేది. తర్వాత లారీలొచ్చాయి, పడవలు పోయాయి, తాడు లాగేవాళ్ళు పోయారు. దారి మిగిలిపోయింది. దాన్ని సైకిలు అందుకుంది. మా వైపు సైకిలు కోసం ఎవరూ పనిగట్టుకుని రోడ్డు వెయ్యలేదు గానీ, వేసినా ఇంతకంటే బాగా వేసుండేవారు కాదని నా నమ్మకం.

నీటిమట్టాన్ని ఒక్కసారిగా కిందికి దించాల్సిన చోట లాకులు కట్టారు. గట్టు కూడా అక్కడే దిగుతుంది. పెడలు మీద కాళ్ళు కదపకుండా జారిపోయే అవకాశం మాకు లాకుల దగ్గరే దొరికేది. లొల్ల లాకుల దగ్గర ఆ చిన్న దిగుడు కోసం పిల్లలం ముందు నుంచే జోరు పెంచి, లస్కరు కేకలు వేస్తున్నా వినకుండా జారేవాళ్ళం. బొబ్బర్లంక దగ్గర మొదలైన కాలువ లొల్లలో చీలి అమలాపురం వైపు, ముక్తేశ్వరం వైపు, గన్నవరం వైపు సాగిపోతుంది. లాకు తలుపుల మీద నిలబడి చూస్తే కోనసీమలో సగం ఊళ్ళకి దారి అక్కడి నుంచే కనిపిస్తుంది.

ఊరి నుంచి ఊరికి మామూలు దారి పుంత. ఎడ్లబళ్ళు నలిపి నలిపి రెండు పక్కలా లోతుగా గాడి పడుంటుంది. సైకిలు అందులో దిగిందంటే మళ్ళీ పైకి రాదు. వానాకాలం మోకాలి లోతు బురద. అందుకే ఎంత చుట్టయినా గట్టు మీదుగానే వెళ్ళేవాళ్ళం. గట్టు దిగి చేల మధ్య ఊళ్ళోకి వెళ్ళాలంటే బోదెలు అడ్డం వస్తాయి. బోదె మీద రెండు తాటిపట్టెలు వేసుంటాయి. సైకిల్ని భుజానికెత్తుకుని ఆ పట్టెల మీద నడవడం వస్తేనే మా వైపు సైకిలు తొక్కడం వచ్చినట్టు లెక్క.

ఇక ఈ దారుల మీద మేం చేసిన ప్రయాణాల సంగతి. ఊరికే తిరిగిరావడానికి సైకిలెక్కే అలవాటు అప్పట్లో పెద్దవాళ్ళకి లేదు. పనిలేకుండా తిరిగేవాణ్ణి మా వైపు ఏమంటారో రాయక్కర్లేదు. కానీ రెండు మూడు రోజుల పాటు ఊరూరూ తిరుగుతూ, దొరికిన చోట తింటూ, చీకటిపడిన చోట పడుకుంటూ సైకిలు తొక్కే అవకాశం ఏ ఇంటికైనా ఎప్పుడో ఒకప్పుడు వచ్చేది. ఇంట్లో పెళ్ళి కుదిరితే శుభలేఖలు పంచాలి కదా.

మాది కొత్తపేట దగ్గర పల్లె. మావయ్యకి ముగ్గురు కూతుళ్ళు. ఆయన సైకిలు ఆయన పెళ్ళికి అత్తవారిచ్చింది, ఆసన్‌సోల్‌లో చేసిన సేన్ ర్యాలీ. ఆ రోజుల్లో అల్లుడికి సైకిలూ వాచీ పెట్టడం మర్యాద, స్తోమతుంటే రేడియో. ఆయన ఆ సైకిల్ని అత్తయ్య కంటే జాగ్రత్తగా చూసుకుంటాడని ఇంట్లో సామెతలా అనుకునేవారు. దసరాకి కాలువలో కడిగి, కొబ్బరినూనె గుడ్డతో రిమ్ములు తుడిచి, హ్యాండిలుకి బంతిపూల దండ వేసి, ముందు చక్రం కింద నిమ్మకాయ పెట్టేవాడు. ర్యాలిలో జగన్మోహినీ కేశవస్వామి గుడికి వెళ్ళేటప్పుడల్లా ర్యాలీ ఎక్కి ర్యాలి వెళ్తున్నానని అందరికీ చెప్పుకునేవాడు. వినీ వినీ మేం నవ్వడం మానేసినా ఆయన చెప్పడం మానలేదు.

శుభలేఖలు అచ్చయి వచ్చాక మొదటి పని నాలుగు మూలలా పసుపు రాయడం. రెండోది జాబితా. ఆ జాబితా చుట్టరికం వరసన ఉండేది కాదు, కాలువ వరసన ఉండేది. అమలాపురం కాలువ మీది ఊళ్ళు ఒక కాగితం, ముక్తేశ్వరం కాలువ మీదివి ఒక కాగితం, గన్నవరం కాలువ దాటి రాజోలు వైపువి మరోటి. ఒక్కో కాగితం ఒక్కొక్క మగాడికి. వియ్యాలవారినీ ఆడపడుచులనీ పిలవడానికి మాత్రం బొట్టు పెట్టాలి కాబట్టి అత్తయ్య కూడా వచ్చేది, మావయ్య వెనక క్యారేజీ మీద ఒక పక్కకి తిరిగి కూర్చుని, ఒళ్ళో కుంకుమ భరిణె పట్టుకుని. తక్కిన ఊళ్ళకి మగవాళ్ళే. గుడ్డసంచీలో శుభలేఖలు, ఒక పంచె, తువ్వాలు, అందులోనే గాలి కొట్టే పంపు. పంపు సంచీలోంచి బయటికి పొడుచుకు వచ్చి ఉండేది. నేను కాలేజీలో చేరాక పెద్దమ్మాయి పెళ్ళికి గన్నవరం కాగితం మా ఇద్దరికీ పడింది. మావయ్య ర్యాలీ మీద, నేను అద్దె సైకిలు మీద.

అద్దె సైకిళ్ళ గురించి చెప్పకుండా ముందుకెళ్ళలేను. ప్రతి సెంటర్లోనూ ఒక షాపు. సైకిళ్ళకి వెనక మడ్‌గార్డు మీద తెల్లరంగుతో నంబరు. గంట లెక్కన అద్దె, రోజుకైతే బేరం. పూచీ ఇచ్చేవాళ్ళు కావాలి, లేదా షాపువాడికి మన నాన్నగారు తెలియాలి. పిల్లలకి సీటు అందదు కాబట్టి కడ్డీ కింద నుంచి కాలు అవతలికి దూర్చి, ఒక పక్కకి ఒరిగి తొక్కేవాళ్ళం. కోనసీమలో నా వయసు వాళ్ళ మోకాళ్ళ మీది మచ్చలకి ఆ షాపులే కారణం.

మాఘమాసం పెళ్ళిళ్ళకి పిలుపుల తిరుగుడంత హాయి మరొకటి లేదు. సంక్రాంతి వెళ్ళిపోయుంటుంది. జగ్గన్నతోట తీర్థంలో కొన్న గాలిపటాలు ఇంకా తీగలకి వేలాడుతుంటాయి. దాళ్వా ఊడ్పులు అయిపోయి చేలు పచ్చబడుతుంటాయి, కాలువలు నిండుగా పారుతుంటాయి. తెల్లవారుజామున బయల్దేరితే గట్టంతా మంచు. ఎదురుగా వచ్చేవాడు కనిపించడు, బెల్లు వినిపిస్తుంది. కాస్త ఎండెక్కాక కాలువలో బాతుల మందలు దిగుతాయి. మంద వెనక చిన్న దోనెలో మనిషి, చేతిలో పొడుగాటి గెడ.

అదే వైశాఖం పెళ్ళిళ్ళయితే ఎండ మండిపోయేది. ఏప్రిల్‌లో కాలువలు కట్టేస్తారు, మళ్ళీ జూన్‌లో గానీ నీళ్ళు వదలరు. అప్పుడు కాలువ అవతలి ఊరికి వెళ్ళాలంటే వంతెన దాకా చుట్టు తిరగక్కర్లేదు, ఎండిన కాలువలోకి సైకిలు దించి అవతలి గట్టెక్కించడమే. అదొక్కటే ఆ ఎండలో మాకు దక్కిన లాభం.

గట్టుకి చేల వైపు నల్లతుమ్మలు. నీడ వాటిదే, ముళ్ళూ వాటివే. పంక్చరు పడని ప్రయాణం నాకు గుర్తు లేదు. అందుకే లాకుల దగ్గరా వంతెనల దగ్గరా చెట్టు కిందో పాకలోనో ఒక సైకిలు షాపు తప్పక ఉండేది. అతను టైరు ఒక పక్క ఊడదీసి, ట్యూబు బయటికి లాగి, గాలి కొట్టి, నీళ్ళ తొట్టిలో కొంచెం కొంచెంగా ముంచుతూ తిప్పుతాడు. బుడగలు లేచిన చోట వేలు పెట్టి, తుడిచి, ఉప్పుకాగితంతో రుద్దుతాడు. సొల్యూషన్ రాసి నోటితో ఊదుతూ ఆరనిస్తాడు. తొందరపడి అంటిస్తే ప్యాచీ నిలవదు. ఆ ఆరే వ్యవధిలోనే మావయ్య పని జరిగిపోయేది. ఫలానావారు ఊళ్ళో ఉన్నారా, కాకినాడ వెళ్ళారా, అన్నదమ్ములు కలిసే ఉంటున్నారా, శుభలేఖ ఒకటివ్వాలా రెండివ్వాలా? అన్నీ అతనికి తెలుసు. ఒకసారి ఓ పెద్దమనిషికి ఏటిసూతకం ఉందని షాపులో తెలిసి, శుభలేఖ సంచీలోనే ఉంచి పలకరింపుకి మాత్రం వెళ్ళొచ్చాం. పోస్టులో పంపుంటే ఎంత మాట వచ్చేదో.

ఎవరింటికెళ్ళినా మాట ఒకటే. “ఆయ్, కూర్చోండి బాబూ, అలా నిలబడే వెళ్ళిపోతారా?” బొండం కొట్టించేవారు, లేకపోతే మజ్జిగ. సంచీ పక్కన పెడితే ఇక కదలనివ్వరు కాబట్టి మావయ్య సంచీ భుజాన ఉంచుకునే కూర్చునేవాడు. కొబ్బరి ధర, దాళ్వాకి నీళ్ళు చివరి చేలకి అందుతున్నాయా లేదా, పెళ్ళికొడుకు ఉద్యోగం, వాళ్ళ గోత్రం. ఆ అరుగుల మీదే ఇంకో రెండు సంబంధాలు మాటకొచ్చేవి. మావయ్య రెండో కూతురి పెళ్ళి, మొదటి కూతురి శుభలేఖలు పంచుతుండగా పలివెలలో కుదిరింది. అంబాజీపేట చేరేసరికి పొద్దున్నయితే పొట్టిక్కలు తినకుండా కదిలేవాళ్ళం కాదు. పనసాకు బుట్టల్లో ఉడికిన ఆ ఇడ్లీ వాసన కోసం మావయ్య మూడు మైళ్ళు అడ్డంగా తొక్కమన్నా తొక్కేవాడు.

గన్నవరం దగ్గర వైనతేయ దాటడం ఆ ప్రయాణంలో నాకు బాగా ఇష్టమైన ఘట్టం. అక్కడ ఏటి మీదుగా కాలువ వెళ్తుంది. 1850ల తొలినాళ్ళలో హేగ్ అనే ఇంజనీరు కట్టించిన అక్విడెక్టు అది. కింద కమానుల లోంచి ఏరు, పైన కాలువ, పక్కనే ఇరుకు దారి. కింద ఒక నీళ్ళు, పక్కన ఇంకో నీళ్ళు, మధ్యలో సైకిలు. ఎదురుగా బస్సు వస్తే దిగి గోడకి ఆనుకుని నిలబడాలి. ఇప్పుడు దాని పక్కనే 2000లో కట్టిన కొత్త అక్విడెక్టుంది. ఆకలన్నవాడికి వేళాపాళా లేకుండా వండిపెట్టిన డొక్కా సీతమ్మ గారి పేరు దానికి పెట్టారు. ఆమెది అక్కడి లంకల గన్నవరమే. దారిన పోయేవాళ్ళకి అన్నం పెట్టినామె పేరు దారికి పెట్టడం బాగుంది. మా వైపు జరిగిన నామకరణాల్లో నాకు పూర్తిగా నచ్చింది ఇదొక్కటే.

రాజోలు దాటాక నరసాపురం వైపు వెళ్ళాలంటే వశిష్ఠ అడ్డం. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కాలి. సైకిలుకి వేరే టికెట్టు. కొబ్బరికాయల గోతాలు, మేకలు, పెళ్ళివారు, సైకిళ్ళు. పంటు నిండితే గానీ కదలదు. అరగంట పట్టొచ్చు, పూట పట్టొచ్చు. నరసాపురం వాళ్ళని పిలవడానికి వెళ్ళినవాడు ఆ రాత్రికి తిరిగి రాడని ఇంట్లో ముందే అనుకునేవారు.

ఇదంతా చదివి ఆ రోజులే బంగారమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. పెద్దలు ఎదురైతే సైకిలు దిగడం మర్యాదని మాకు నేర్పారు. కొందరికి అది మర్యాద కాదు, నిర్బంధం. పేట నుంచి వచ్చినవాడు కొత్త సైకిలు కొనుక్కున్నా, పెద్దవీధిలో అరుగుల ముందు దిగి నడిపించుకుంటూ పోవలసిన ఊళ్ళు ఉండేవి. దిగకుండా వెళ్ళినందుకు సైకిళ్ళు కాలువలో పడ్డాయి. అదే గట్టు మీద నాకు దొరికిన హాయి అందరికీ దొరకలేదు. అత్తయ్య సంగతీ అంతే. కోనసీమలో ఆవిడ చూడని కాలువ లేదు, కానీ అన్నీ క్యారేజీ మీద నుంచి చూసినవే. హ్యాండిలు పట్టుకునే అవకాశం ఆవిడకి జీవితంలో రాలేదు. ఆ మధ్య ‘బడికొస్తా’ పథకంలో ఇచ్చిన సైకిళ్ళ మీద హైస్కూలు ఆడపిల్లలు వరసగా గట్టు మీద వెళ్తుంటే చూశాక, ఈ ఒక్క విషయంలో మా కాలం కంటే ఈ కాలం నయమని నిర్మొహమాటంగా చెప్పగలను.

మావయ్య సైకిలు మీద శుభలేఖలు పంచిన ఆఖరి పెళ్ళి 1995 మాఘంలో, మూడో కూతురిది. అప్పటికే కుర్రాళ్ళంతా లూనాల మీదా హీరో హోండాల మీదా పంచుతున్నారు. ఆయన మాత్రం ర్యాలీ దించాడు. ఆ జనవరి 8న పాసర్లపూడిలో గ్యాసు బావి పేలింది. అరవై అయిదు రోజులు మండింది. చుట్టుపక్కల ఊళ్ళు ఖాళీ చేయించారు. మేం వైనతేయ దాటేసరికి చీకటిపడింది. ఆకాశమంతా ఎర్రగా ఉంది, ఉరుములా ఎడతెగని హోరు. మా కాగితంలో ఉన్న ఇళ్ళవాళ్ళు ఏ ఊళ్ళో తలదాచుకున్నారో కనుక్కుంటూ బడుల్లోనూ బంధువుల ఇళ్ళలోనూ వెతికి శుభలేఖలిచ్చాం. డైనమో వెయ్యాల్సిన అవసరం రాలేదు.

తర్వాత వంతెనల వంతు. యానాం, ఎదుర్లంక మధ్య గౌతమి మీద బాలయోగి వారధి 2002లో తెరిచారు. అప్పటిదాకా రేవుల్లో గడిచిన పూటలన్నీ మనకి మిగిలాయి. మంచిదే. ఆస్పత్రికి వెళ్ళాల్సినవాణ్ణి అడిగితే పంటు గురించి నాలా ముచ్చటగా మాట్లాడడు. గట్లకి తారు పడింది, కొన్నిచోట్ల సిమెంటు. ఇసుక లారీలొచ్చాయి. నల్లతుమ్మలు చాలావరకు కొట్టేశారు. చేలు కొన్ని రొయ్యల చెరువులయ్యాయి, కాలువలో గుర్రపుడెక్క పెరిగింది. అద్దె సైకిళ్ళ షాపులు సెల్‌ఫోన్ రీచార్జి షాపులై, ఆ తర్వాత అవీ మూతపడ్డాయి. మా ఊళ్ళో సగం మంది తొక్కిన అట్లాస్ కంపెనీ సాహిబాబాద్ ఫ్యాక్టరీలో పని ఆపేసిన రోజు 2020 జూన్ 3. ప్రపంచ సైకిలు దినోత్సవం నాడే.

శుభలేఖలు ఇప్పుడు వాట్సాప్‌లో వస్తున్నాయి. పాటతో సహా. ‘ఇదే మా ప్రత్యేక ఆహ్వానంగా భావించగలరు’ అని అడుగున ఉంటుంది. నేను భావించను. పెళ్ళికి వెళ్తాను, భోజనం చేస్తాను, కానీ నన్ను పిలిచారని భావించను. మా ఇంటికొచ్చి, అరుగు మీద కూర్చుని, మా కొబ్బరిచెట్ల దిగుబడి ఎంతో అడిగి వెళ్ళినవాడే నన్ను పిలిచినవాడు. ఇది చాదస్తమని మా అబ్బాయి అంటాడు.

కాలువలు మాత్రం ఇంకా పారుతున్నాయి, గట్లు ఇంకా చదునుగానే ఉన్నాయి. ఈ మధ్య హైదరాబాదు నుంచి కుర్రాళ్ళు హెల్మెట్లు పెట్టుకుని, ఖరీదైన సైకిళ్ళ మీద వస్తున్నారు. దారి అడుగుతున్నారు కాబట్టి చెబుతాను. రావులపాలెంలో హైవే వదిలెయ్యండి. లొల్ల లాకుల దగ్గర మొదలుపెట్టి, పెద్దకాలువ గట్టు మీద లారీలుంటే పిల్లకాలువ గట్టుకి దిగండి. అది ఇరుకే గానీ లారీ పట్టదు. ఏ ఊళ్ళోనూ నీళ్ళ సీసా కొనకండి, ఎవరింటి ముందైనా ఆగి అడగండి, ఇస్తారు. సంక్రాంతి వెళ్ళాక, మాఘం దాటకుండా రండి. పొద్దున్నే సముద్రం వైపు వెళ్ళి, మధ్యాహ్నం గాలి తిరిగాక వెనక్కి రండి, గాలే మిమ్మల్ని తోసుకొస్తుంది. రెండు దాటాక మాత్రం దక్షిణం వైపు తొక్కకండి. బల్లపరుపు దారిలో కూడా ఎదురుగాలి మిమ్మల్ని సైకిలు దింపేస్తుంది.